ఊరి మంచినీటి పథకానికి లెక్క అడగడం ఎలా?

కుళాయి రాకపోతే వీధిలో జనం మొదట నిలదీసేది వాటర్‌మన్‌ని. పాపం, అతని చేతిలో ఉండేది వాల్వు తిప్పే రెంచి ఒక్కటే. పైపు ఎంత లోతున వెయ్యాలి, ఏ సైజు వెయ్యాలి, మోటారు ఎన్ని హెచ్‌పీ ఉండాలి, బ్లీచింగ్ ఎన్ని బస్తాలు కొనాలి అన్నవన్నీ అతని దాకా రాకముందే తేలిపోయాయి. వాటికి కాగితాలున్నాయి. ఆ కాగితాలు చూసే హక్కు మీకుంది, దరఖాస్తుకు పది రూపాయలకు మించి ఖర్చు కాదు.

పథకం గురించి కాగితం మీద ఉన్నదాన్నీ నేల మీద ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం, తేడా వస్తే దాన్ని సరైన చోట అడగడం ఎలాగో వరుసగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఒక్క మాట ముందే. "మొత్తం తినేశారు" అంటూ మొదలుపెడితే పని అక్కడే ఆగిపోతుంది. అవతలివాళ్లు రుజువు అడుగుతారు, మీ దగ్గర ఉండదు. ఊళ్లో మీకు ఏదో ఒక పార్టీ రంగు పూస్తారు, దాంతో కథ కంచికి. కొలత పట్టుకుని వెళ్తే ఆ మాట అనడం కష్టం. కాబట్టి చివరి మెట్టు దాకా ఎవరి మీదా ఆరోపణ చెయ్యకండి.

1. ఏది ఎవరి పనో గీసుకోండి

నీళ్లు బయల్దేరిన చోటు నుంచి మీ వంటింటికి వచ్చేలోపు కనీసం ఇద్దరి చేతులు మారతాయి. తెలంగాణలో మిషన్ భగీరథ శాఖ శుద్ధి చేసిన నీళ్లను ఊరి ట్యాంకు దాకా తెస్తుంది. ట్యాంకు కడగడం, వీధి పైపుల రిపేరు, ఇళ్లకు వదలడం పంచాయతీ బాధ్యత. ఆంధ్రలో చాలా ఊళ్లకు కలిపి నడిచే పెద్ద పథకాలను ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఇంజనీర్లు చూస్తారు, ఒక్క ఊరికే ఉన్న బోరూ ట్యాంకూ పంచాయతీ చేతిలో ఉంటాయి. ఈ గీత ఎక్కడ ఉందో తెలియకపోతే పంచాయతీకి వెళ్తే ఆర్‌డబ్ల్యూఎస్ అంటారు, ఆర్‌డబ్ల్యూఎస్‌కి వెళ్తే పంచాయతీ అంటారు. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఒక తెల్ల కాగితం మీద బోరు, మోటారు, ట్యాంకు, వాల్వులు, వీధులు గీయండి. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయండి: ఎవరు కట్టారు, ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఏ పద్దు కింద వచ్చింది.

డబ్బు సాధారణంగా మూడు దార్లలో వస్తుంది. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ నిధులు ఒకటి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇందులో కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టాలి. రెండోది ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన దాంట్లో 60 శాతాన్ని నీళ్లకూ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది, చెరి సగం. అంటే ఆ కాలపు గ్రాంటులో వంద రూపాయలొస్తే 30 తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటి వాటికే వాడాలి. మూడోది ఇంటి పన్ను, నీటి చార్జీ లాంటి పంచాయతీ సొంత రాబడి.

ఎన్ని నీళ్లు రావాలో కూడా ఇప్పుడే రాసుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. తెలంగాణలో ఉన్నవాళ్లు వందతోనే అడగండి, తక్కువ అంకెతో సరిపెట్టుకోవాల్సిన పనేం లేదు.

2. నలుగురైదుగురు చాలు, ఎవరన్నదే ముఖ్యం

జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి ఊళ్లో గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి. 10 నుంచి 15 మంది సభ్యులు, అందులో సగం మంది ఆడవాళ్లు, పావు వంతు బలహీన వర్గాలవాళ్లు. ముందు ఆ జాబితా పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకోండి. తమ పేరు కమిటీలో ఉందని ఆ కాగితం చూశాకే తెలుసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లనే కలుపుకోండి. అధికారికంగా అడిగే అర్హత వాళ్లకు ఎటూ ఉంది, కొత్త సంఘం పెట్టే శ్రమ తప్పుతుంది.

మీ బృందంలో పైపు చిట్టచివర ఉండే వీధి నుంచి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. చాలా ఊళ్లలో ఆ చివర ఎస్సీ కాలనీయో, కొత్తగా వేసిన ఇళ్ల స్థలాలో ఉంటుంది. ట్యాంకు పక్క ఇంటివాళ్లకు పథకం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. పొద్దున్నే నీళ్లు పట్టే ఇల్లాలు ఒకరు, ప్లంబింగో మేస్త్రీ పనో తెలిసినవారు ఒకరు, ఎస్టిమేట్ (పని అంచనా పత్రం) చదవగల రిటైర్డ్ ఉద్యోగి దొరికితే ఇంకా మంచిది. ఓడిపోయిన సర్పంచి అభ్యర్థి ఎంత ఉత్సాహం చూపించినా ముందు వరసలో పెట్టకండి.

3. అడగకుండానే దొరికేవి చూడండి

జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్‌లో అంకెలు చూపించే డాష్‌బోర్డును ఎవరైనా తెరవొచ్చు. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు నొక్కుకుంటూ వెళ్తే మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎన్నింటికి కుళాయి ఇచ్చినట్టు రాశారో కనిపిస్తుంది. ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో ఉంటుంది. రెండింటినీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, అంకెలు తర్వాత మారొచ్చు.

ఇక్కడే మొదటి పరీక్ష అయిపోతుంది. డాష్‌బోర్డు 412 ఇళ్లకు కుళాయి ఉందంటే (అంకె ఉదాహరణకే), మీ బృందం ఒక ఆదివారం వీధులు తిరిగి లెక్కపెట్టొచ్చు. పైపు ఉందా, పైపుకు ట్యాప్ ఉందా, ట్యాప్‌లోంచి నీళ్లు వస్తున్నాయా అన్నవి మూడు వేరు వేరు గడులు. మూడో గడి నిండితేనే అది కుళాయి కింద లెక్క.

4. కాగితాలు తెప్పించుకోండి

సమాచార హక్కు చట్టం, 2005 గురించి అందరికీ తెలుసు. అందులోని సెక్షన్ 2(జె) గురించి తెలిసింది తక్కువ మందికి. నకళ్లు తీసుకోవడంతో పాటు, జరుగుతున్న పనిని చూసే హక్కు, రికార్డులు ఆఫీసులో కూర్చుని చదివే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా అందులో ఉన్నాయి. సిమెంటు, పైపు ముక్క, బ్లీచింగ్ పౌడరు ఏదైనా సరే. నీటి పథకం విషయంలో ఈ ఒక్క సెక్షన్ మిగతా చట్టమంతటికన్నా ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

రుసుము గ్రామ స్థాయి ఆఫీసులో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు అదీ కట్టక్కర్లేదు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, అడిగే హక్కు కూడా వాళ్లకు లేదు.

దరఖాస్తు ఇలా రాయండి:

"ప్రజా సమాచార అధికారి గారికి, (ఆఫీసు పేరు, ఊరు).
విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.
(ఊరు) గ్రామ పంచాయతీలో జల్ జీవన్ మిషన్ కింద 2020 ఏప్రిల్ నుంచి ఈ రోజు వరకు చేపట్టిన తాగునీటి పనులకు సంబంధించి కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.
1. మంజూరైన ఎస్టిమేట్, ప్లాన్.
2. కాంట్రాక్టు అగ్రిమెంట్, గడువు పెంచిన ఉత్తర్వులు.
3. ఈ పనులకు సంబంధించిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు.
4. ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు, తేదీలు. చెల్లించాల్సిన బిల్లుల వివరాలు.
5. థర్డ్ పార్టీ తనిఖీ నివేదికలు.
6. పైపులైను ప్రెషర్ టెస్టు, ట్యాంకు లీకేజీ టెస్టు ఫలితాలు.
7. వీధుల వారీగా ఇచ్చిన కుళాయి కనెక్షన్ల సంఖ్య.
8. గత 12 నెలల్లో జరిపిన నీటి పరీక్షల ఫలితాలు.
పై రికార్డులను, పనిని సెక్షన్ 2(జె) కింద స్వయంగా పరిశీలించేందుకు తేదీ, సమయం తెలియజేయగలరు."

పంచాయతీకి ఇంకో దరఖాస్తు విడిగా పెట్టండి. అందులో మోటారు నడిపిన లాగ్‌బుక్, కరెంటు బిల్లులు, బ్లీచింగ్ కొనుగోలు బిల్లులు, ట్యాంకు కడిగిన తేదీల రిజిస్టరు, నీటి చార్జీ వసూలు పుస్తకం అడగండి.

"ఎందుకు చెయ్యలేదు?", "ఎవరు బాధ్యులు?" అని మాత్రం రాయకండి. అవి సమాచారం కిందకు రావని తిప్పి పంపేస్తారు. పత్రం పేరు పెట్టి అడిగితే ఆ దారి మూసుకుపోతుంది. ఇంటి యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా అడగకండి. వ్యక్తిగత సమాచారం అని మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టే సాకు దొరుకుతుంది. అందుకే ఏడో అంశంలో "సంఖ్య" అని మాత్రమే ఉంది.

జవాబుకు గడువు 30 రోజులు. వేరే ఆఫీసుకు చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చెయ్యాలి. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు తేలితే అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. అయితే కమిషన్ దగ్గర వాయిదా రావడానికి చాలాకాలం పడుతుంది, దాని మీదే ఆశ పెట్టుకోకండి. పరిశీలనకు తేదీ ఇస్తే వెళ్లి కూర్చోవడం అన్నిటికన్నా త్వరగా తేలే దారి. మొదటి గంట ఉచితం. ఇద్దరు వెళ్లండి, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకుంటారు.

5. ఎస్టిమేట్, ఎం-బుక్ చదవడం

చూడగానే టెన్షన్ పెట్టే కాగితాలివి. అంతా ఇంగ్లీషు, పొట్టి అక్షరాలు, అంకెలు. నిజానికి ఎం-బుక్ అంటే ఇంజనీరు పని జరిగిన చోట టేపు పట్టుకుని కొలిచి రాసిన పుస్తకం. దాన్ని బట్టే బిల్లు తయారవుతుంది. ఒక్కో వరసలో ఏ పని, ఎన్ని, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం పరిమాణం ఉంటాయి. ఎస్టిమేట్‌లో వాటికి రేటు కూడా ఉంటుంది. అన్నీ చదవాల్సిన అవసరం లేదు. ఈ నాలుగు చోట్ల ఆగండి.

పైపు సైజు, రకం. వీధుల్లో వేసే నల్ల ప్లాస్టిక్ (హెచ్‌డీపీఈ) పైపు మీద దాని జాతకం మొత్తం అచ్చు వేసి ఉంటుంది: ఐఎస్ 4984 అనే ప్రమాణం నంబరు, బయటి వ్యాసం మిల్లీమీటర్లలో, ప్లాస్టిక్ రకం చెప్పే పీఈ గ్రేడు, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే పీఎన్ అంకె, తయారుచేసినవారి పేరు. పని అయ్యాక మిగిలిన ముక్కలు ఏదో ఒక గోడ పక్కన పడి ఉంటాయి. ఆ అచ్చును ఫొటో తీయండి. ఎస్టిమేట్‌లో 90 ఎంఎం ఉండి ముక్క మీద 63 ఉంటే, ఆ ముక్క ఏ వీధిదో తెలుసుకుని రాసుకోండి. ఆ వీధికి 63 మాత్రమే మంజూరై ఉండొచ్చు కూడా.

కాలువ లోతు. పైపు పైపైన పడితే ట్రాక్టరు ఎక్కగానే పగులుతుంది, మురిక్కాలవ పక్కనుంచి పోతే పగిలిన చోట మురుగు లోపలికి వస్తుంది. కాగితంలో ఎంత లోతు రాశారో చూసుకోండి.

సీసీ రోడ్డు మళ్లీ వెయ్యడం. పైపు కోసం రోడ్డు కోస్తారు, తిరిగి కాంక్రీటు వెయ్యడానికి ఎస్టిమేట్‌లో డబ్బు పెడతారు. ఊళ్లో చూస్తే మట్టి పోసి వదిలేసిన గాడి కనిపిస్తుంది. కంటికి కనిపించేదీ, టేపుతో కొలవగలిగేదీ, ఎవరూ కాదనలేనిదీ ఇదొక్కటే. మొదటిసారి చేసేవాళ్లు దీన్నుంచే మొదలుపెట్టండి.

ఇంటి కనెక్షన్. ఒక్కో ఇంటికి ఎన్ని మీటర్ల పైపు, ట్యాప్, దిమ్మె ఉన్నాయో చూడండి. ఇంటివాళ్ల చేత ట్యాప్ కొనిపించి, బిల్లులో కూడా ట్యాప్ చూపించారేమో అడిగి తెలుసుకోండి.

6. నేల మీద కొలవండి

రోడ్డు గాడిని టేపుతో, పైపులైను పొడవును సర్వే టేపుతో కొలవండి. లోతు కోసం గుంతలు మీరు తవ్వకండి. పైపు పగిలితే కేసు మీ మీద పడుతుంది. లీకేజీ రిపేరుకు తవ్విన రోజున వెళ్లి టేపు పెట్టి ఫొటో తీస్తే సరిపోతుంది. లేదంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని మీతో కలిసి తనిఖీ చేసే జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు రమ్మని రాతపూర్వకంగా అడగండి.

నీటి పరిమాణానికి 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. బకెట్టు రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 55 లెక్కన రోజుకు 275 లీటర్లు కావాలి, అంటే ఆ వేగంతో దాదాపు 28 నిమిషాలు కుళాయి రావాలి. నూరు లీటర్ల లెక్కైతే 50 నిమిషాలు. ట్యాంకు దగ్గర, ఊరి మధ్య, చిట్టచివర మూడు ఇళ్లలో ఒక వారం పాటు ఏ టైముకు వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి, బకెట్టు ఎంతలో నిండింది రాయించండి. మోటార్లు బిగించి లాగేసే ఇళ్లున్న వీధిలో చివరి ఇల్లు ఎండిపోవడం సహజం. దాన్నీ దాచకుండా రాయండి, అందులో మీ బంధువుల ఇల్లు ఉన్నా సరే.

నీటి నాణ్యతకు వస్తే, మొదట చూడాల్సింది చివరి కుళాయిలో క్లోరిన్. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. పంచాయతీలో క్లోరోస్కోప్ ఉండాలి. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, ఆ రంగును పక్కన ఉన్న రంగుల పట్టీతో పోల్చాలి. రంగు రాలేదంటే బ్లీచింగ్ వెయ్యనన్నా లేదు, దారిలో మురుగన్నా కలుస్తోంది. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్టింగ్ కిట్‌తో పరీక్షలు చెయ్యడం నేర్పించాలని జల్ జీవన్ మిషన్ నియమం. ఆ ఐదుగురు ఎవరో, కిట్ ఏ బీరువాలో ఉందో కనుక్కోండి. కిట్‌లోని మందులకు గడువు తేదీ ఉంటుంది, అది చూశాకే వాడండి.

ఫ్లోరైడ్ కోసం ల్యాబుకు పంపాల్సిందే. మన దగ్గర ఇది కొత్త సమస్య కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో గుర్తించింది నెల్లూరు ప్రాంతంలోనే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. ఈ-కొలై బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులను జనం కూడా వాడుకునేలా తెరిచారు, రుసుము నామమాత్రం. బ్యాక్టీరియా పరీక్షకు ఇంట్లోని కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టుకెళ్తే ఫలితానికి విలువ ఉండదు. ల్యాబువాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసా తెచ్చుకుని, కుళాయి కాసేపు వదిలి, సీసా మూతి లోపల చెయ్యి తగలకుండా పట్టి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందించండి. రసీదు మీద తేదీ, ఏ ఇంటి కుళాయో రాయించుకోండి.

7. కూడికలు, తీసివేతలు

ఇప్పుడు రెండు కట్టలూ ముందేసుకుని కూర్చోండి. కొన్ని తేడాలు చూడగానే తెలిసిపోతాయి, కొన్నింటికి చిన్న లెక్క కావాలి. రెండు లెక్కలు చూపిస్తాను, మిగతావి మీరే అల్లుకోగలరు.

బ్లీచింగ్: మీ ట్యాంకు 40,000 లీటర్లు, రోజుకొకసారి నింపుతారు అనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వెయ్యాలనుకుంటే 80 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ మూడో వంతు ఉంటుంది, కాబట్టి దాదాపు 240 గ్రాముల పౌడరు. 25 కిలోల బస్తా వంద రోజులు రావాలి. బిల్లుల్లో నెలకు మూడు బస్తాలు కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న ఉంది. అడిగే ముందు మూడు విషయాలు ఆలోచించండి. వర్షాకాలంలో మోతాదు పెంచుతారు. మూతి తెరిచిన బస్తాలో క్లోరిన్ వేగంగా ఎగిరిపోతుంది కాబట్టి ఎక్కువ పట్టొచ్చు. కాలవలకూ చెత్తకుప్పలకూ చల్లింది కూడా అదే బస్తా కావొచ్చు. ఇవన్నీ పోను మిగిలిన తేడాయే అసలు తేడా. ఇక బిల్లుల్లో బస్తాలు దండిగా ఉండి, చివరి కుళాయిలో క్లోరోస్కోప్ రంగు తిరగకపోతే, ఆ రెండు కాగితాలనూ ఒకే పిన్నుతో గుచ్చండి.

కరెంటు: 10 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఏడున్నర యూనిట్లు, పాతదైతే ఇంకొంచెం ఎక్కువ లాగుతుంది. లాగ్‌బుక్‌లో రోజుకు ఆరు గంటలు నడిపామని రాస్తే నెలకు 1,350 యూనిట్లకు అటూ ఇటూ రావాలి. మీటరు బిల్లు 600 చూపిస్తుంటే లాగ్‌బుక్ ఇంట్లో కూర్చుని రాసింది కావొచ్చు. బిల్లు 2,500 చూపిస్తుంటే మోటారు పాడైందో, పైపు ఎక్కడో భూమిలోకి కారుతోందో, ఆ మీటరు మీద ఇంకేదో నడుస్తోందో.

తేడా కనిపించిన ప్రతిచోటా తప్పు జరిగిందని కాదు. జల్ జీవన్ మిషన్ పనులు నిధులు విడుదల కాక సగంలో ఆగినవి బోలెడున్నాయి. అందుకే దరఖాస్తులో "చెల్లించాల్సిన బిల్లులు" అడగమన్నాను. కాంట్రాక్టరుకు డబ్బు రాక రోడ్డు పూడ్చకపోవడం వేరు, పూడ్చినట్టు ఎం-బుక్‌లో రాసి డబ్బు తీసుకోవడం వేరు. మొదటిదానికి మీరూ కాంట్రాక్టరూ కలిసి అడగాలి. రెండోది ఫిర్యాదు. తప్పుడు కాగితాలు ఊరి స్థాయిలోనే పుట్టాలని కూడా లేదు. రాజస్థాన్‌లో నకిలీ పని అనుభవ ధ్రువపత్రాలతో జల్ జీవన్ మిషన్ టెండర్లు దక్కించుకున్నారన్న ఆరోపణల మీద ఏసీబీ, ఈడీ కేసులు పెట్టాయి.

8. ఎక్కడ, ఏ వరసలో అడగాలి

ముందు ఏఈ దగ్గరికీ, పంచాయతీ కార్యదర్శి దగ్గరికీ వెళ్లండి, ఆంధ్రలో అయితే సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటును కూడా కలవండి. ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఎడమ పక్క రికార్డులో ఉన్నది, కుడి పక్క మేం కొలిచింది, కింద తేదీ, కొలిచినవాళ్ల సంతకాలు. పదిహేను రోజుల్లో వివరణ ఇవ్వమనండి. రెండో కాపీ మీద "అందినది" అని సంతకం, స్టాంపు వేయించుకోండి. సగం సమస్యలు ఈ మెట్టు మీదే తీరతాయి. ఎం-బుక్ చదివిన మనిషి ఊళ్లో ఉన్నాడని తెలియడమే పని చేయిస్తుంది.

తీరకపోతే గ్రామసభ. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఆంధ్రలో జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి రోజుల్లో పెట్టడం ఆనవాయితీ. ఇక్కడ ఉపన్యాసం వద్దు, కాగితం చదవండి. రాజస్థాన్‌లో 1994లో కూలి జనం ఊరి మధ్యలో కూర్చుని పనుల కాగితాలు పైకి చదివించడంతోనే జన్ సున్‌వాయీలు (ప్రజా విచారణలు) మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు చేసిన సామాజిక తనిఖీ కూడా ఆ పద్ధతిదే. "మూడో వీధిలో 120 మీటర్ల సీసీ రోడ్డు మళ్లీ వేసినట్టు రాశారు" అని చదివితే చాలు, ఆ వీధివాళ్లే లేచి మాట్లాడతారు. చివర్లో తీర్మానం రాయించండి. మినిట్స్ పుస్తకంలో అచ్చంగా ఏం రాశారో అక్కడే చదివించుకుని, తర్వాత నకలు తీసుకోండి. "సభ్యులు నీటి సమస్యపై చర్చించారు" అన్న వాక్యానికి విలువ లేదు. వీధి పేరు, కొలత, గడువు తేదీ ఉండాలి.

ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమం. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్. అర్జీ నంబరు లేకుండా బయటికి రాకండి. తీర్మానం నకలు, మీ ఒక పేజీ పట్టిక, ల్యాబు రిపోర్టు జతచెయ్యండి. అర్జీని "పరిష్కరించబడింది" అని మూసేస్తే, దేని ఆధారంగా మూశారో మళ్లీ సమాచార హక్కు కింద అడగొచ్చు. డబ్బు తీసుకున్నట్టు కాగితాల్లోనే తేలితే విజిలెన్స్, లోకాయుక్త దారులున్నాయి.

కుళాయి కనెక్షన్ కోసమో బిల్లు కోసమో లంచం అడిగితే మాత్రం ఈ మెట్లేవీ ఎక్కనక్కర్లేదు, నేరుగా ఏసీబీకి చెప్పండి. తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాళ్లు ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ నేరం వాళ్లకు అంటదు. ఎనిమిదో రోజు దాకా ఆలోచిస్తూ కూర్చోకండి.

ఇదంతా నడుస్తున్నప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టి రాయకండి. పరువునష్టం నోటీసు వస్తే అసలు విషయం పక్కకు పోతుంది. వాటర్‌మన్‌ను ఇరకాటంలో పెట్టకండి. జీతం నెలల తరబడి ఆగినా వాల్వు తిప్పుతున్న మనిషి అతను, పైగా భూమిలో ఏ పైపు ఎక్కడ ఉందో అతనికి తెలిసినంతగా ఇంజనీరుకు కూడా తెలియదు. అతను చెప్పింది వినండి, అతని పేరు ఎక్కడా రాయకండి.

9. గ్రామసభలో చెయ్యెత్తే ముందు

మీ ఊళ్లో పనులు ఇంకా పూర్తికాకపోతే అదృష్టవంతులు, అన్నిటికన్నా పెద్ద అవకాశం మీ ముందే ఉంది. జల్ జీవన్ మిషన్‌లో ఊరిని మొదట శాఖవాళ్లు "హర్ ఘర్ జల్" (ఇంటింటికీ నీళ్లు) అని నమోదు చేస్తారు. కానీ అది ధ్రువీకరించిన ఊరిగా మారాలంటే గ్రామసభ తీర్మానం కావాలి, దాని వీడియో కూడా అప్‌లోడ్ చెయ్యాలి. అంటే చివరి సంతకం ఊరిదే. తీర్మానం అయిపోయాక కాంట్రాక్టరును వెనక్కి పిలవడం ఎంత కష్టమో పైన చదివిన మెట్లన్నీ చూస్తే తెలుస్తుంది.

అందుకని సభకు వారం ముందే కార్యదర్శికి ఒక కాగితం ఇవ్వండి. వీధి వారీ కుళాయిల లెక్క, ప్రెషర్ టెస్టు ఫలితం, ల్యాబు రిపోర్టు, రోడ్డు పూడ్చిన కొలతలు, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే ప్లాన్, మోటారు వారంటీ కార్డు సభలో పెట్టాలని కోరండి. సభ రోజున చివరి వీధివాళ్లను ముందు మాట్లాడనివ్వండి. ఏదైనా మిగిలిపోతే తీర్మానాన్ని అడ్డుకోవాల్సిన పనిలేదు. "ఫలానా వీధిలో ఇన్ని ఇళ్లకు నీరు అందడం లేదు, అవి పూర్తయ్యాకే ధ్రువీకరిస్తాం" అని రాయించండి. తొందరపెడతారు, పై నుంచి ఒత్తిడి ఉందంటారు, టార్గెట్ అంటారు. తర్వాతి సభ తేదీ చెప్పమనండి.